జపాన్ కత్తివిద్యల్లో ఈ కాలపు పోరుకి పనికొచ్చేదేది, ఎవరికి ఏది నప్పుతుంది

జపాన్ కత్తివిద్య నేర్చుకుంటే నిజంగా గొడవొచ్చినప్పుడు పనికొస్తుందా అని అడిగేవాళ్ళలో చాలామంది మనసులో ఉండేది ఆ కత్తే. వంపు తిరిగిన అంచు, ఒరలోంచి దూసే ఊపు. కానీ గొడవ జరిగే రోజున ఆ కత్తి మీ చేతిలో ఉండదు. హైదరాబాద్ మెట్రోలో ఉండదు, విజయవాడ బస్టాండులో ఉండదు, టోక్యో లోకల్ రైల్లో అసలే ఉండదు. అందుకని ఏ విద్యలో చేరాలో తేల్చుకునేటప్పుడు కత్తిని లెక్కలోంచి తీసేసి మిగిలినదాన్ని తూచాలి. దూరం అంచనా వేయడం, అదను చూసి కదలడం, భయంలో ఊపిరి నిలబెట్టుకోవడం, దెబ్బ తగిలాక కూడా తేరుకోవడం. ఇవి ఏ క్లాసులో ఎంత దొరుకుతాయో చూద్దాం.

నా తూకంరాయి ఒక్కటే. అవతలి మనిషి తన ఇష్టప్రకారం కదులుతాడా, లేక మీరు అనుకున్న వరసలోనే కదులుతాడా? తన ఇష్టప్రకారం కదిలితే ఆ విద్య క్లాసు బయటికి ఎంతో కొంత మీతో వస్తుంది. అసలు అవతల మనిషే లేకపోతే ఒంటికి మంచిది, మనసుకి మంచిది, చూడ్డానికి బాగుంటుంది. అవేమీ చిన్న లాభాలు కావు, కానీ వాటికి పోరు సన్నద్ధత అని పేరు పెట్టి అమ్మకూడదు.

ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను. ఎవరో వెంటపడుతున్నారు, ఆరు నెలల్లో ఆత్మరక్షణ రావాలి అంటే ఈ వ్యాసం మీకోసం కాదు. జూడోలోనో బాక్సింగ్‌లోనో చేరండి, పరిగెత్తడం అలవాటు చేసుకోండి, పోలీసులకి ఫిర్యాదు ఇవ్వండి. కత్తివిద్యలన్నీ నిదానంగా పండేవి.

ఈ ప్రశ్న జపాన్‌లోనే మొదట వచ్చింది

1876లో, సమురాయ్‌ల పాలన పోయాక వచ్చిన మెయిజీ ప్రభుత్వం జనం నడుముకి కత్తి కట్టుకుని తిరగడాన్ని నిషేధించింది. తుపాకుల కాలం వచ్చింది, కత్తి పని అయిపోయింది అనుకున్నారు. మరుసటి ఏడే దక్షిణాన ఉన్న సత్సుమా ప్రాంతంలో తిరుగుబాటు లేచింది. తబరుజాకా అనే చోట తిరుగుబాటు నాయకుడు సైగో తకమోరి మనుషులు కత్తులు దూసి మీద పడుతుంటే రైఫిళ్ళు పట్టుకున్న సైనికులు చెదిరిపోయారు. దాంతో పోలీసుల్లోంచి కత్తి తెలిసినవాళ్ళని ఏరి బత్తోతాయ్ అనే దళాన్ని దింపాల్సి వచ్చింది. టోక్యో పోలీసు వ్యవస్థని నిర్మించిన కవాజి తోషియోషి ఆ యుద్ధం చూసినవాడు. 1879లో, పోలీసులకి కత్తి సాధన మళ్ళీ పెట్టి తీరాలని వాదిస్తూ రాశాడు.

ఆ పట్టు ఇప్పటికీ వదల్లేదు. జపాన్‌లో పోలీసు శిక్షణలో జూడో, కెండో (కవచం వేసుకుని వెదురు కర్రలతో ఆడే కత్తివిద్య) భాగం. అఖిల జపాన్ కెండో పోటీల్లో గెలిచేది ఎక్కువగా పోలీసులే. వాళ్ళ నడుముకి ఉండేది లాఠీ, రివాల్వర్. కత్తి లేని ఉద్యోగంలో కత్తి సాధన ఎందుకు పెట్టుకున్నారంటే, నాకు అర్థమైనంతలో, మీదికొచ్చే మనిషి ముందు వెనక్కి తగ్గకుండా నిలబడటం నేర్పడానికి వాళ్ళ చేతిలో అంతకన్నా తేలికైన సాధనం లేదు.

కెండో

షినాయ్ అంటే నాలుగు వెదురు బద్దల్ని తోలుతో బిగించిన కర్ర. పెద్ద మగవాళ్ళకి 120 సెంటీమీటర్ల దాకా పొడవు, బరువు 510 గ్రాములకి తగ్గకూడదు. ముఖానికి ఇనప కమ్మీల మెన్, చేతులకి కోతే, ఛాతీకి దో, నడుము కింద తారే. ఈ సరంజామా 18వ శతాబ్దంలో ఒక రూపానికి వచ్చింది. దాంతో వచ్చిన మార్పు చాలా పెద్దది. చెక్క కత్తితో గట్టిగా కొడితే ఎముక విరుగుతుంది కాబట్టి ముందే అనుకున్న వరసలో ఆపి ఆపి సాధన చేయాలి. వెదురు కర్ర, కవచం ఉంటే పూర్తి బలంతో, పూర్తి వేగంతో, ఎదుటివాడికి చెప్పకుండా కొట్టొచ్చు.

కకరిగేయికో అని ఒక సాధన ఉంది. ఎదురుగా సీనియర్ నిలబడతాడు, మీరు ఆగకుండా ఆయన మీద పడి కొడుతూనే ఉండాలి. అర నిమిషం గడిచేసరికి మెన్ లోపల గాలి చాలదు. చెమట కంట్లోకి కారుతుంది, తుడుచుకుందామంటే కమ్మీల లోపలికి చెయ్యి పోదు. మీరు ఎప్పుడు ముందుకు దూకినా ఆయన షినాయ్ మొన మీ గొంతుకి ఎదురుగానే కనిపిస్తుంది. చేతులు బరువెక్కాక నేర్చుకున్న టెక్నిక్కులన్నీ ఎగిరిపోయి రెండే మిగులుతాయి. ఇంకెంత దూరంలో ఉన్నాడు, నా ఊపిరి ఎక్కడుంది. టెన్షన్‌లో మనిషి బుర్ర ఎలా కుంచించుకుపోతుందో పుస్తకం చదివితే తెలియదు. ఇక్కడ వారానికి రెండు మూడు సార్లు అనుభవంలోకి వస్తుంది.

రెండో లాభం దూరం. ఒక్క అడుగు వేస్తే తగిలేంత దూరాన్ని కెండోలో ఇస్సోకు ఇత్తో నో మాయ్ అంటారు. ఆ గీత దాటి లోపలికొచ్చినవాడి చెయ్యి కదలడం చూసి స్పందిద్దామంటే ఆలస్యమైపోతుంది, భుజమో మోకాలో చెప్పే కబురు పట్టుకోవాలి. అమెరికాలో సాల్ట్‌లేక్ సిటీ పోలీసు శిక్షకుడు డెన్నిస్ ట్యూలర్ 1983లో ఇదే సంగతిని మరో దారిలో చెప్పాడు. 21 అడుగుల దూరంలో కత్తి పట్టుకున్నవాడు దాదాపు ఒకటిన్నర సెకనులో మీద పడగలడు, అదే సమయంలో తుపాకీ తీసి కాల్చడం కష్టం. ఈ లెక్క విని పోలీసులు ఆశ్చర్యపోయారేమో గానీ కెండో చేసేవాళ్ళకి ఇది కాళ్ళకి తెలిసిన విషయం.

మూడోది జాన్షిన్. దెబ్బ తగిలాక కూడా ఒళ్ళు, చూపు ఎదుటివాడి మీదే ఉండాలి. పోటీలో చక్కగా కొట్టి, ఆ వెంటనే చేతులెత్తి సంబరపడితే పాయింటు పోతుంది. గొడవల్లో ఎక్కువమందికి దెబ్బలు తగిలేది 'అయిపోయింది' అనుకున్నాకే కాబట్టి ఈ నియమం నాకు చాలా ఇష్టం.

ఇక లోపాలు, ఇవి చిన్నవి కావు. కెండోలో తల, మణికట్టు, పక్కటెముకలు, గొంతు, అంతే. భుజం మీద పడ్డ దెబ్బకి లెక్క లేదు, తొడ మీద దెబ్బకి ఆలోచనే లేదు. కొట్టి ఎదుటివాడి పక్కనుంచి దూసుకుపోవడం అలవాటవుతుంది. చాకు పట్టుకున్నవాడి పక్కనుంచి అలా దూసుకెళ్తే మీ పొట్ట వాడికి అప్పగించినట్టే. యుద్ధానికి ముందు కెండోలో కాలు తన్ని పడగొట్టడం, కలబడటం ఉండేవి. 1945 తర్వాత నిషేధం ఎదుర్కొని 1952లో అఖిల జపాన్ కెండో సమాఖ్యతో మళ్ళీ మొదలైన కెండోలో అవి పోయాయి. అందుకే పోరు కోసం కెండో చేసేవాళ్ళు వారానికి ఒక్కరోజైనా జూడో చాప ఎక్కాలి.

ఇయాయిడో

ఒంటరిగా, కూర్చుని గానీ నిలబడి గానీ, కత్తి దూసి నరికి మళ్ళీ ఒరలో పెట్టడం. ఎక్కువమంది నేర్చుకునే కెండో సమాఖ్య పద్ధతిలో 12 కాతాలు, అంటే ముందే నిర్ణయించిన కదలికల వరసలు ఉన్నాయి. 1969లో 7తో మొదలైంది. అవతల మనిషి లేడు, ఊహలో తప్ప. నా తూకంలో అక్కడే మార్కులు పోతాయి.

అయినా పూర్తిగా కొట్టిపారేయలేను. మొదటి కాతా మాయె తీసుకోండి. మోకాళ్ళ మీద కూర్చున్నారు. ఎదుటివాడి ఉద్దేశం చెడ్డదని పసిగట్టి కుడిచేత్తో పిడి అందుకుంటారు, ఎడమచెయ్యి ఒరని వెనక్కి లాగుతుంది. ఆ ఎడమచెయ్యి బద్ధకిస్తే కత్తి సగంలో ఇరుక్కుంటుంది. అడ్డంగా ఒక వేటు, పైనుంచి ఇంకో వేటు. ఆ తర్వాత నోతో, అంటే కత్తి ఒరలోకి వెళ్ళడం. చూపు ఒర వైపు తిప్పకూడదు, పడిపోయినవాడి మీదే ఉండాలి, చెయ్యి తొందరపడకూడదు. నడుముకి తుపాకీ ఉండే ఉద్యోగం చేసేవాళ్ళు ఇది చదివి నవ్వుకుంటారు, ఎందుకంటే వాళ్ళకి చెప్పేదీ ఇదే. తియ్యడంలో సాయం చేసేది ఎడమచెయ్యి కూడా. ప్రమాదం పోయిందని తేలకముందే హోల్‌స్టర్‌లో తోసెయ్యకూడదు.

నలభై దాటినవాళ్ళకి, గొంతెత్తి అరుస్తూ దూకడం ఇష్టం లేనివాళ్ళకి ఇది మంచిది. మోకాళ్ళు బాగోకపోతే మాత్రం కూర్చునే కాతాల గురించి చేరకముందే గురువుగారితో మాట్లాడాలి. నేర్చుకోవడానికి వాడేది ఇయాయితో, పదును లేని మిశ్రలోహపు కత్తి. మొన మాత్రం గుచ్చుకుంటుంది, జాగ్రత్త.

నిజంగా నరికి చూసే దారి

1925లో జపాన్ సైన్యపు తొయామా పాఠశాల అధికారుల కోసం ఒక కత్తి పద్ధతి తయారుచేసింది. బూట్లు వేసుకుని నడుముకి కత్తి వేలాడే సైనికుడు మోకాళ్ళ మీద కూర్చోడు కాబట్టి అన్నీ నిలబడి చేసేవే. ఈనాటి తొయామా ర్యూ దాన్నుంచి వచ్చిందే (ర్యూ అంటే ఒక గురుపరంపర, సంప్రదాయం). ఇందులో తమేషిగిరికి, అంటే నిజంగా నరికి చూడటానికి ప్రాధాన్యం ఎక్కువ. జపాన్ ఇళ్ళలో నేలకి పరిచే తతామి చాప పైపొరని చుట్టి, నీళ్ళలో నానబెట్టి, మేకు మీద నిలబెట్టి నరుకుతారు.

నరికాక ఆ కోతని దగ్గరగా చూడాలి. అంచు, వేటు ఒకే తలంలో వెళ్తే కోత బల్లపరుపుగా ఉంటుంది. మణికట్టు కొంచెం తిరిగినా కోత గరిటెలా వంగిపోతుంది, ఇంకొంచెం తిరిగితే కత్తే వంగిపోతుంది. అబద్ధం చెప్పలేని పరీక్ష అది. కాకపోతే చాప తిరిగి కొట్టదు. తన మీద తనకి నిజం తెలుస్తుంది, ఎదుటివాడి గురించి ఏమీ తెలియదు.

ఈ పద్ధతిని 'యుద్ధంలో రుజువైనది' అని ప్రచారం చేసేవాళ్ళంటే నాకు చిరాకు. రెండో ప్రపంచయుద్ధంలో ఆ కత్తులు బందీల మెడల మీద కూడా పడ్డాయి. ఆ మాట దాచి మిగతాది గొప్పగా చెప్పేచోట నేర్చుకోకపోయినా నష్టం లేదు.

కోర్యూ, పాత సంప్రదాయాలు

మెయిజీ ప్రభుత్వం రాకముందు పుట్టినవాటిని కోర్యూ అంటారు. తెన్షిన్ షోదెన్ కతోరి షింతో ర్యూ 15వ శతాబ్దంలో ఈజాసా చోయిసాయ్ ఇయెనావోతో మొదలైంది. 1960లో చిబా ప్రిఫెక్చర్ దాన్ని సాంస్కృతిక సంపదగా గుర్తించింది. కత్తితో పాటు నగినాత (పొడవు కర్రకి వంపు కత్తి బిగించిన ఆయుధం), ఈటె, పొడవు కర్ర కూడా నేర్పుతారు. చేరేటప్పుడు వేలి రక్తంతో ప్రమాణపత్రం మీద ముద్ర వేసే ఆచారం ఉంది. అమెరికా మెరైన్ అధికారిగా పనిచేసిన డాన్ డ్రేగర్ ఇందులో శిష్యుడిగా చేరాడు. సైన్యం చూసి వచ్చిన మనిషి, ఎదుటివాడి ఆయుధం ఏదైనా ఎలా ఆలోచించాలో చెప్పే చదువు ఇందులో చూశాడు.

ఇక్కడ ఇద్దరు మనుషులు ఉంటారు, కానీ వరస ముందే తెలుసు. మంచి గురువు దగ్గర ఆ వరసలో కూడా గుండె ఝల్లుమంటుంది, వేగం పెంచి, అదను అరక్షణం మార్చి మిమ్మల్ని నిద్రలేపుతాడు. ఒనో హా ఇత్తో ర్యూలో అయితే దెబ్బ కాచుకునేవాడు ఒనిగోతే అనే దిట్టమైన గ్లౌజులు తొడుక్కుని నిజమైన వేటే తీసుకుంటాడు. మామూలు గురువు దగ్గర మాత్రం ఇది నాట్యం అయిపోతుంది.

నాకు బాగా నచ్చేది సత్సుమా వాళ్ళ జిగెన్ ర్యూ. నేలలో పాతిన గుంజని కర్రతో, అరుస్తూ, పరిగెత్తుకొచ్చి మరీ కొట్టడం అక్కడ ప్రాణం. పొద్దున 3,000, సాయంత్రం 8,000 వేట్లు అనేది వాళ్ళ నానుడి. భయం వేసినప్పుడు సున్నితమైన పనులు చేతికి రావు, మొరటు పని ఒక్కటే వస్తుంది. ఆ ఒక్కదాన్నే వేలసార్లు చేయించడం అనే వాళ్ళ ఆలోచన ఈనాటి శిక్షకులకీ అర్థమవుతుంది. తబరుజాకాలో రైఫిళ్ళ మీదికి వచ్చినవాళ్ళు ఈ నేల మనుషులే.

మన ఊళ్ళలో కోర్యూ గురువు దొరకడం చాలా అరుదు. పది రోజుల్లో సమురాయ్ సర్టిఫికెట్ ఇస్తామనే బోర్డు కనిపిస్తే ఒకే ప్రశ్న అడగండి: మీరు ఏ ర్యూలో, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, నేర్పడానికి అనుమతి ఎవరిచ్చారు? అసలైనవాళ్ళు ఈ ప్రశ్నకి సంతోషిస్తారు.

ఎవరూ తలుచుకోనివి: కర్ర, పొట్టి కత్తి

పోరు సన్నద్ధతే కావాలంటే నా మొగ్గు వీటివైపే ఉంది.

జోడోలో ఆయుధం నాలుగడుగుల పైచిలుకు గుండ్రటి కర్ర, కచ్చితంగా చెప్పాలంటే 128 సెంటీమీటర్లు. ముసో గొన్నొసుకే అనే పాతకాలపు యోధుడి పేరు మీద వచ్చిన షింతో ముసో ర్యూ దీనికి తల్లివేరు. ఎదురుగా ఉండేది కత్తి, మీ చేతిలో ఉండేది కర్ర. అంటే పదునైన ఆయుధం పట్టుకున్నవాడిని చంపకుండా ఆపడం ఎలా అన్నదే పాఠమంతా. టోక్యో పోలీసులు గుంపుల అదుపు కోసం దీన్ని తీసుకుని తమకి తగ్గట్టు మార్చుకున్నారు. కర్ర ఎక్కడైనా దొరుకుతుంది, గొడుగులోనూ ఉంటుంది, చీపురులోనూ ఉంటుంది. కర్రసాము తెలిసిన తెలుగువాళ్ళకి చేతులు తొందరగా అలవాటు పడతాయి, కాకపోతే సాములో తిప్పుడు ఎక్కువ, ఇక్కడ గీత తప్పకుండా పొడవడం, కొట్టడం ఎక్కువ. లోటు ఒకటే, ఇదీ కాతాల విద్యే.

ఆ లోటు పొట్టి కత్తి విద్య టాన్‌కెండోలో లేదు. రైఫిల్ మొనకి ఉండే బయొనెట్ ఊడదీసి చేత్తో పట్టుకుంటే ఎలా పోరాడాలి అన్నదాంట్లోంచి పుట్టింది. కవచం వేసుకుని పొట్టి షినాయ్‌తో ఆడతారు. దగ్గరికొచ్చాక ఎదుటివాడి చేతిని ఎడమచేత్తో అదిమిపట్టి పొడవడానికి నియమాల్లోనే చోటుంది. ఈ కాలంలో వీధిలో కనిపించే పోరుకి జపాన్ విద్యలన్నింటిలో ఇది దగ్గర. దీని అన్న జూకెండోని, అంటే చెక్క రైఫిల్‌తో పొడిచే ఆటని, జపాన్ ఆత్మరక్షణ దళాల్లో ఎక్కువగా చేస్తారు. ఇవి రెండూ జపాన్ బయట దొరకడమే కష్టం.

మరి మీరు ఏం చేయాలి

పోలీసు, హోంగార్డు, సెక్యూరిటీ పనుల్లో ఉన్నవాళ్ళు: జోడో దొరికితే జోడో, దొరక్కపోతే కెండో. లాఠీ మీ చేతిలో ఎలాగూ ఉంది, మీకు తక్కువైంది ఎదుటివాడి ఒత్తిడిలో దూరం చూసుకోవడం.

ఇరవైల్లో ఉండి ఒంట్లో సత్తువ ఉన్నవాళ్ళు కళ్ళు మూసుకుని కెండోలో చేరి, జూడో కలుపుకోండి. ఇయాయిడో తర్వాతయినా నేర్చుకోవచ్చు. గట్టున నిలబడి చేతులాడిస్తే ఈత రానట్టే, కొట్టించుకోకుండా కొట్లాట రాదు.

రాత్రి షిఫ్టుల భయంతో అడిగే అమ్మాయిలకి పోరు విద్యగా నేను వీటిలో దేన్నీ మొదట చెప్పను. అయినా కెండోలో ఒక లాభం ఉంది, అది వేరేచోట అంత తేలిగ్గా దొరకదు. అరవాలి. గొంతు చించుకుని, ఎదుటివాడి కళ్ళలోకి చూస్తూ, దెబ్బ వేసేది ఎక్కడో పేరు పెట్టి అరవాలి. అరవకపోతే పాయింటు రాదు. ఆడపిల్ల గొంతు లేవకూడదని విని పెరిగినవాళ్ళకి ఇది మొదటి నెల సిగ్గుగా ఉంటుంది, తర్వాత సిగ్గు పోతుంది. వీధిలో అవసరమయ్యేది చాలాసార్లు ఆ గొంతే.

నలభై దాటి, కుర్చీలో బతుకుతూ, ఒంటి మీద అదుపు కావాలనుకునేవాళ్ళకి ఇయాయిడో. ఆత్మరక్షణ అనే లెక్క వేసుకోకుండా చేరితే ఎక్కువ ఆనందిస్తారు.

ఉద్యోగం మీద జపాన్ వెళ్ళినవాళ్ళకి మాత్రం సలహా మారుతుంది. టోక్యోలో నిషికసాయ్ వైపు మనవాళ్ళు చాలామంది ఉంటారు. వార్డు క్రీడాకేంద్రాల్లో కెండో, ఇయాయిడో తక్కువ ఖర్చులో దొరుకుతాయి. అయితే ఇవి తిరిగొచ్చాక కూడా ఎక్కడో ఒకచోట దొరకొచ్చు. దాదాపు అక్కడ మాత్రమే దొరికేవి కోర్యూ, టాన్‌కెండో. రెండు మూడేళ్ళే ఉంటామని తెలిస్తే ముందు వాటికోసం వెతకండి. చేరేటప్పుడు ఎన్నాళ్ళు ఉంటారో నిజం చెప్పండి, మధ్యలో మాయమైపోతే ఆ తర్వాత వచ్చే విదేశీయుడికి తలుపు మూస్తారు.

డబ్బు పెట్టే ముందు

ఒక క్లాసు మొత్తం గోడ పక్కన కూర్చుని చూడనిమ్మని అడగండి. చూడనివ్వకపోతే మొహమాటం లేకుండా వచ్చేయండి. చూసేటప్పుడు గురువు ఎంత బాగా కొడుతున్నాడన్నది అలా ఉంచి, ఆయన మీద శిష్యుడి దెబ్బ ఎప్పుడైనా తగులుతుందా, తగిలితే ఆయన మొహం ఎలా ఉంది గమనించండి. కొత్తగా చేరినవాడిని ఎవరైనా చితక్కొట్టి నవ్వుతుంటే అదీ గుర్తుపెట్టుకోండి.

కెండో కవచం ఖరీదైనది, చేరిన వెంటనే కొనకండి. మొదటి కొన్ని నెలలు అడుగులు, వేట్లతోనే సరిపోతుంది. అప్పటికి ఒక షినాయ్, కదలడానికి వీలైన బట్టలు చాలు. షినాయ్ బద్దలు చీలాయేమో ప్రతిసారీ తడిమి చూసుకోండి, చీలిన పుల్ల మెన్ కమ్మీల్లోంచి కంట్లోకి పోయే ప్రమాదం ఉంది. ఆన్‌లైన్‌లో గోడకి తగిలించుకునే స్టీలు కత్తులు అమ్ముతారు, వాటితో గాల్లో కూడా ఊపకండి. పిడిలోపల బలం ఉండదు, అంచు ఊడి ఎగురుతుంది.

పదునున్న కత్తి ఇంట్లో పెట్టుకోవాలనుకుంటే చట్టం సంగతి ముందు చూసుకోవాలి. ఖడ్గాలు, అలాగే వంటకీ వ్యవసాయానికీ కాకుండా 9 అంగుళాలు దాటిన అంచున్న కత్తులు మన ఆయుధాల నిబంధనల్లోకి వస్తాయి. నోటిఫై చేసిన ప్రాంతాల్లో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు కావాలి. మీ ప్రాంతం అందులో ఉందో లేదో పోలీస్ స్టేషన్‌లో అడిగి తెలుసుకోండి. విదేశాల నుంచి తెప్పిస్తే కస్టమ్స్‌లో ఆగిపోవచ్చు. పదును లేని ఇయాయితో అయినా సరే, సంచిలో పెట్టి తాడు బిగించి, క్లాసు గుర్తింపు కార్డు జేబులో పెట్టుకుని తీసుకెళ్ళండి.